నిప్పుకోడి తోలు బూట్లు

ఆదివారం కదా, కలిసి వెళ్దాం అని మా ఆయన్నీ అమ్మాయినీ ఆ బూట్ల కొట్టుకి వెంటబెట్టుకెళ్ళాను చూడండి, అదీ నా బుద్ధితక్కువ.

సింగపూర్‌లో, సెరంగూన్‌లోని మా ఇంటి దగ్గరి కమ్యూనిటీ క్లబ్బులో లైన్ డాన్స్ నేర్చుకుంటున్నాను. అందరం వరసల్లో నిలబడి ఒకే అడుగు వేసే డాన్సు. చైనీస్ ఆంటీలే ఎక్కువ. కౌబాయ్ టోపీలూ బూట్లూ వేసుకొచ్చి, డెబ్భై దాటినవాళ్ళు కూడా దుమ్ము రేపుతారు. నేనూ మాల్‌లో ఒక జత కొన్నాను. తోలు కాదు, తోలులాంటిది. ఈ ఊరి తేమకి షూ రాక్‌లో ఉండి ఉండే పాడైపోయాయి. క్లబ్బు ఫంక్షన్‌లో స్టేజి మీద గిర్రున తిరిగానా, పెచ్చులు పెచ్చులుగా ఊడి నేలంతా నల్లటి పొట్టు. వెనక వరసవాళ్ళు దాని మీద జారకుండా చూసుకుంటూ ఆడారు. సిగ్గుతో చచ్చిపోయాను. పైగా నా కుడి బొటనవేలి పక్కన ఎముక బుడిపె ఒకటి. ఏ రెడీమేడ్ బూటూ దాన్ని బతకనివ్వదు. అందుకే పట్టుబట్టాను, ఈసారి కొలతలిచ్చి కుట్టించుకుంటాను, అసలు తోలుతో, గట్టిగా మన్నేవి అని.

బూట్లు కుట్టే అంకుల్ బల్ల మీద తోలు ముక్కలు పరిచాడు. కొండచిలువ తోలు మీద చెయ్యి వేశానో లేదో, మా ఆయన అందుకున్నారు. "నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన చేతులతో పాముని కాళ్ళకి తొడుక్కుంటావా?"

ఈ మహానుభావుడు సింగపూర్ వచ్చాక నాగుల చవితి ఎప్పుడో కూడా నన్నే అడుగుతారు. అంకులే నయం, డాన్సుకి పొలుసులు లేచిపోతాయి, వద్దని ఒక్క ముక్కలో తేల్చాడు. మొసలి తోలు ధర విని ముగ్గురం ఒకేసారి చెయ్యి వెనక్కి తీసుకున్నాం. తర్వాత టేకు చేప, అదే స్టింగ్‌రే, తోలు. గసగసాలు పరిచి అతికించినట్టు గరుగ్గా ఉంది. అన్నిటికన్నా గట్టిది ఇదేనట.

ఇక్కడి పిల్లల్లాగా మాట మాటకీ చివర 'లా' తగిలించే మా అమ్మాయి మొహం చిట్లించింది. "ఛీ అమ్మా, హాకర్ సెంటర్‌లో సాంబల్ కారం పూసి తింటాం లా ఇది!"

ఆ తిండికొట్లలో తినేటప్పుడు లేని బాధ తొడుక్కునేటప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో! సరే, అది ఎలాగూ వంగదు, నా బుడిపెని నలిపేస్తుంది అన్నాడు అంకుల్.

"ఇదంతా ఎందుకే, ఏ పాపం లేకుండా మామూలు తోలు తీసుకో," అన్నారు మా ఆయన.

"మామూలు తోలంటే ఆవుదూడదండీ. మీ నడుముకున్న బెల్టు కూడా అదే."

ఆయన బెల్టు సర్దుకుని ఫోన్ తీశారు.

ఇక మిగిలింది నిప్పుకోడి తోలు. ఈకలు పీకిన చోటల్లా చిన్న చిన్న గుబ్బలు. మా అమ్మాయి మొటిమలంది. అననీ. పట్టుకుంటే మెత్తగా వంగింది, నా వేలికి హాయిగా ఉంది. మధ్యమధ్యలో అడుగున సోల్ మార్చుకుంటే ఇరవై ఏళ్ళు ఢోకా లేదన్నాడు అంకుల్.

"ఇరవై ఏళ్ళా!" ఫోన్‌లోంచి తల ఎత్తారు మా ఆయన. "యాభై ఏడొచ్చాయి నీకు. పొద్దస్తమానం మోకాళ్ళని మూలుగుతావు. అంత మన్నేది ఏం చేసుకుంటావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కొత్త టీవీకి వారంటీ ఎన్నేళ్ళని కొట్టు కొట్టూ తిరిగినప్పుడు, మీరింకా ఎన్నాళ్ళు చూస్తారని నేనడిగానా?

నా మొహం చూసి సర్దుకుందామనుకున్నారేమో, అంకుల్ వైపు తిరిగి, "కాస్త పెద్దవి కుట్టండి, తర్వాత మా అమ్మాయికి పనికొస్తాయి," అన్నారు.

చిత్రమేమిటంటే, దీనికి నాకు కోపం రాలేదు. అవునవును అనబోయాను కూడా. నేనేం చేయించుకున్నా అంతేగా! జాకెట్లకి లోపల గుడ్డ వదిలించాను, మా అమ్మాయి తర్వాత కుట్లు విప్పి వేసుకోడానికి. చీర కొంటే రంగు దానికి నప్పుతుందా అని చూశాను. గాజులు నా చేతికి వదులైనా దాని చేతికి సరిపోతాయని కొన్నాను.

అంకుల్ తల అడ్డంగా ఊపాడు. ఈ బూట్లకి లేసులుండవు, పాదాన్ని పట్టి ఉంచాలి, వదులైతే మడమ జారి పడిపోతారు అన్నాడు. మీ పాదానికి కుట్టింది మరొకరికి పట్టదన్నాడు.

"నాకొద్దు లా, అమ్మా," అంది మా అమ్మాయి. "నీ చీరలే నాకొద్దు, బూట్లేం చేసుకుంటాను?"

పాపం, దురుసుగా అనలేదు. ఫ్రిజ్‌లో పెరుగు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా దాన్ని అడిగానా, కావాలా అని? అరవాలనిపించింది. ఎవరి మీద అరవను?

అంకుల్ కింద కాగితం పరిచాడు. చెప్పు విప్పి పాదం పెట్టాను. పెన్సిల్‌తో చుట్టూ గీసుకుంటూ వచ్చి, చివర్లో ఎందుకైనా మంచిదని మళ్ళీ అడిగాడు, ఎక్కడైనా కొంచెం వదులు ఉంచమంటారా అని.

"వద్దు," అన్నాను. "నా కాలెంతుందో అంతే."