ఎలుకల ముద్దకు నెయ్యి

వెన్న కాగి నెయ్యిగా మారే సమయానికి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మా వంటింట్లో పొగ అలారం గీపెడుతుంది. కింది ఇంటి జర్మన్ పెద్దాయన చీపురు కర్రతో కప్పు పొడుస్తాడు. అంత గోలలోనూ ఆ వాసనకి నాకు నవ్వొస్తుంది. వసుంధర మేడం గుర్తొస్తారు.

లైప్‌జిగ్‌లో నా మాస్టర్స్ థీసిస్‌కి ఆవిడే గైడు. కాకినాడ మనిషి. విటమిన్ ఎ లేని తిండి పెడితే, ఎలుకల ఒంట్లో ఆ విటమిన్‌ని మోసే ప్రొటీన్ ఏమవుతుందో చూడటం మా పని. మొదటి రోజు నేను బిక్కముఖం వేస్తే ఆవిడ తేలిగ్గా చెప్పేశారు.

"షేర్ ఆటో ఎక్కేవా ఎప్పుడైనా? జనం ఎక్కందే కదల్దు. ఈ ప్రొటీనూ అంతే. విటమిన్ ఎక్కకపోతే లివర్ స్టాండ్‌లోనే పడుంటాది, రక్తంలోకి రాదు."

"మా వరంగల్‌ల గూడ గంతే మేడం," అన్నాను.

"జాలి పడితే డేటా పోద్ది" అన్నది ఆవిడ నిత్య మంత్రం. విటమిన్ లేక ఎలుకలు తిండి మాని చిక్కిపోతుంటే నేను కళ్ళు తుడుచుకున్నాను. దానికీ తిట్లు తిన్నాను.

తీరా కొలిచి చూస్తే, కొన్ని ఎలుకల రక్తంలో ఆ ప్రొటీన్ పుష్కలంగా ఉంది. ప్రయాణికులే లేని ఊళ్ళో ఆటోలు జోరుగా తిరుగుతున్నాయన్నమాట. పరీక్ష మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. థీసిస్ గడువేమో నెత్తిమీద కూర్చుంది. మీటింగ్‌లో మా ల్యాబ్ పెద్ద, జర్మన్ ప్రొఫెసర్, నావైపు తిరిగి, "తిండి కలిపింది నువ్వే కదా? తప్పు నీదైతే ఈ పని ఇక్కడితో ఆపేద్దాం," అన్నాడు. డిగ్రీ లేకుండా ఇంటికెళ్ళడమే కళ్ళముందు కనిపించింది.

పక్కన మేడం తన కుడిచేతి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నారు. అన్నాళ్ళయ్యాక ఇంకేం వాసన ఉంటుంది! తర్వాత లేచి నిలబడి, "ఇష్ వార్స్," అన్నారు. నేనే చేశాను, అని. క్రిస్మస్ సెలవుల్లో అందరం ఊళ్ళు తిరుగుతుంటే ఎలుకలకి తిండి పెట్టే వంతు ఆవిడది. అవి ముద్ద ముట్టలేదట. ఆవిడ క్యారేజీలో నెయ్యి ఉందట. పోనీ పాపం అని ఆ వేళ్ళతోనే ముద్దలకి కాస్త రాశారట. నెయ్యిలో విటమిన్ ఎ ఉంటుందని ఏటేటా పాఠం చెప్పే మనిషి!

"ఎందుకు?" అన్నాడు ప్రొఫెసర్, నోరెళ్ళబెట్టి.

"నెయ్యి లేకుండా ముద్దెలా పెడతామండీ?" అన్నారావిడ, కంగారులో తెలుగులోనే. నేను జర్మన్‌లో చెప్పాను. అయినా ఆయనకి అర్థం కాలేదు.

ఆ ఎలుకల్ని లెక్కలోంచి తీసేసి, ఎందుకు తీశామో థీసిస్‌లో ఉన్నదున్నట్టు రాశాం. మిగిలినవాటితో గట్టెక్కాను. బయటికొచ్చాక, "మీరు చెప్పకుంటే ఎవ్వరికి తెలుస్తుండె మేడం?" అని అడిగాను.

"నీ పేరు పోయేదిగా అమ్మాయ్," అని కసిరారు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇప్పటికీ ఫోన్ చేయాలనిపించి చెయ్యి ఫోను మీదికి పోతుంది. నిన్న మా ల్యాబ్‌లో ఒక స్టూడెంట్, ఫలితాలు తేడాగా వచ్చాయని ముఖం వేలాడేసుకుని నా గదికొచ్చాడు. "ఏం చేశావ్?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, ముందు నా వేళ్ళు వాసన చూసుకున్నాను.