వీరయ్య ఎడమ కన్ను

1943. బెజవాడలో కాలవ ఒడ్డున ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేను కాంపౌండర్ని. డాక్టరు గారు రాసిన మందు కలపడం, కళ్లలో చుక్కలు వేయడం, పుళ్లకు కట్లు కట్టడం నా పని.

యుద్ధానికి ముందు ఘాటు మందులన్నీ పాయిజన్ సీసాల్లో ఉంచేవాళ్లం. అవి నీలంగా ఉండేవి, పైన ఉబ్బెత్తు గీతలుండేవి. చూడకుండా పట్టుకున్నా చేతికి తెలిసిపోయేది. యుద్ధంతో అవి రావడం మానేశాయి. ఉన్నవి పగిలేకొద్దీ అన్ని మందులూ ఒకే రకం గోధుమరంగు సీసాల్లోకి చేరాయి. సిల్వర్ నైట్రేట్ పలచనిది కంట్లో వేస్తాం, చిక్కనిది పుండు మీద చెడ్డ కండ మాడ్చడానికి. రెండూ నీళ్లలాగే ఉంటాయి. ఒకే అరలో ఉండేవి.

"చిక్కనిది వేరే బీరువాలో పెట్టిద్దామండీ" అని డాక్టరు గారిని రెండుసార్లు అడిగాను.

"లేబులుంది కదయ్యా, చదువుకోలేవా?" అన్నారు. మూడోసారి అడగలేదు.

ఆ వేసవిలో మంగళగిరి నుంచి వీరయ్య అనే నేతగాడు కళ్లకలకతో వచ్చాడు. వరండా నిండా జనం. చెయ్యి చాచి సీసా తీసి, ఎడమ కంట్లో రెండు చుక్కలు వేశాను. కేక పెట్టి బల్ల మీంచి కింద పడ్డాడు. అప్పుడు చదివాను లేబులు. ఉప్పునీళ్లతో ఎంతసేపు కడిగానో నాకే తెలియదు. వారం తిరిగేసరికి కంటిమీద తెల్లపొర కమ్మేసింది.

డాక్టరు గారు కేసు షీటు, అంటే రోగి జబ్బూ ఇచ్చిన మందూ రాసే కాగితం, నా ముందు పెట్టారు.

"జబ్బు ముదిరి చూపు పోయిందని రాయి. నిజం రాస్తే ఆస్పత్రి మూతపడుతుంది."

రాశాను.

వెళ్లే రోజు వీరయ్య నా చేతులు పట్టుకున్నాడు. "నాకోసం చాలా శ్రమపడ్డారండీ. నా రాత బాగోలేదు, మీరేం చేస్తారు!"

"మళ్లీ మగ్గం మీద కూర్చోగలవా?"

"తెగిన పోగు కంటికి ఆనడంలేదండీ. మా ఆడది పక్కన కూర్చుని అతుకుతానంటోంది."

చెబుదామని నోరు తెరిచాను. డాక్టరు గారి గది తలుపు తెరిచే ఉంది. "జాగ్రత్తగా వెళ్లిరా" అన్నాను.

ఆ వారంలోనే చిక్కని మందులకు తాళం బీరువా వచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు. రెండేళ్లు గడిచేసరికి, ప్రతిసారీ తాళం తియ్యడం విసుగని కొత్త కాంపౌండరు ఆ సీసాలు బయటి అరలోకి మార్చేశాడు. కసిరితే, "ఇంతకాలం ఏమైందని గురువుగారూ?" అన్నాడు.

దాచిన తప్పు ఎవరికీ ఏమీ నేర్పదని నాకు అప్పుడు తెలిసింది. వీరయ్య సంగతి మొదటిసారి నోరు విప్పి చెప్పాను. అతను సీసాలు లోపల పెట్టి తాళం వేశాడు.

వీరయ్యకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.