దొరసాని కారులో కుడివైపు సీటు

మా కారుకి స్టీరింగు ఎడమవైపు ఉండేది. అందువల్ల నాకు కుడివైపు సీటు దొరికింది. ఆ సీటు వల్ల కోనసీమలోని లైబ్రరీలు దొరికాయి. నీకింత చదువు ఎక్కడిదని ఎవరైనా అడిగితే నేను ఈ మూడు ముక్కలే చెబుతాను. బడిలో నేను చదివింది ఏడో తరగతి వరకే. మిగిలినదంతా ఆ సీటు పెట్టిన భిక్ష.

ఆ కారు మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసిన దొరసానిది. మా ఆయన మా పెళ్లికి ముందు నుంచే ఆవిడ దగ్గర డ్రైవరు. డెబ్బైల నడిమిలో ఆవిడ తన దేశం వెళ్లిపోతూ, ఓడలో తెచ్చుకున్న కారుని మళ్లీ ఓడెక్కించడం ఎందుకని ఆయనకే తక్కువ ధరకి ఇచ్చేసింది. పొడుగాటి బండి. చిలకపచ్చ రంగు. వెనక చేప తోకలాగా రెండు రెక్కలు. దాని అసలు పేరు మా వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు. అమలాపురం నుంచి కాట్రేనికోన దాకా అందరికీ అది దొరసాని కారే.

మన దేశంలో బండి రోడ్డుకి ఎడమ పక్కన నడవాలి. డ్రైవరు కూడా ఎడమ పక్కనే కూర్చుంటే ముందున్న ఎడ్లబండిని దాటేటప్పుడు ఎదురుగా ఏమొస్తోందో అతనికి కనపడదు. కుడివైపు ఇంకో మనిషి కూర్చుని చూసి చెప్పాలి. దొరసాని ఉన్నన్నాళ్లూ ఆ పని ఆవిడే చేసుకుంది. ఆవిడ వెళ్లాక, కారుని పెళ్లిళ్లకి కిరాయికి తిప్పడం మొదలుపెట్టి, మా ఆయన ఒక క్లీనర్ని పెట్టుకున్నారు. వాడు ముమ్మిడివరం దాటకుండానే నిద్రపోయేవాడు. ఒకసారి కొబ్బరికాయల లారీ ఎదురుగా వస్తుంటే నిద్రలోనే "రైట్ రైట్" అన్నాడట. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, చెమట తుడుచుకుంటూ నాతో అన్నారు.

"రేపటి నించి నువ్వు రా."

"నేనా? నాకేం తెలుసండీ?"

"పుస్తకం పట్టుకున్నావంటే పొయ్యి మీద అన్నం మాడినా నీకు తెలీదు గానీ, అందులో అక్షరం తప్పుంటే మాత్రం కనిపెట్టేస్తావు. ఆ కళ్లు చాలు."

మా అత్తగారు అరుగు మీద కూర్చుని కొబ్బరాకు చీరి ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తకుండానే అందుకున్నారు.

"మా రోజుల్లో మొగుడు బండి తోల్తా ఉంటే పెళ్లాం ఎనకాల నడిచేది. ఇప్పుడు పెళ్లాం ముందు కూకుని మొగుణ్ణి తోల్తాదన్నమాట."

"తోలేది నేనేనే అమ్మా. ఇది దారి చెప్తాది, అంతే."

"నేనన్నదీ అదేరా."

ఆ మాటలు పడుతూనే ఉన్నాను, వెళుతూనే ఉన్నాను. పని తొందరగానే వచ్చింది. ముందున్న బండిని దాటాల్సి వచ్చినప్పుడు ఆయన కారుని కొంచెం కుడికి జరిపేవారు. నేను మెడ చాచి చూసి "ఖాళీయేనండి" అనేదాన్ని. ఆయన "ఆయ్" అని ముందుకి పోనిచ్చేవారు. ఎదురుగా ఏదైనా ఉంటే దాని పేరు చెప్పేదాన్ని. "బస్సండి." "సైకిలండి, వెనకాల గడ్డిమోపు ఉందండి." నేను చెప్పకుండా ఆయన ఎప్పుడూ దాటలేదు. నేను చెప్పాక ఎప్పుడూ సందేహించలేదు. మాకు అదే కబుర్లు చెప్పుకోవడం. ఇంట్లో అయితే అంత మాట్లాడుకునేవాళ్లం కాదు.

అన్నిటికన్నా కష్టం బోడసకుర్రు రేవు. గోదావరి పాయ వైనతేయ మీద అప్పటికి వంతెన లేదు. కారుని ఏరు దాటించే పంటు ఎక్కించాలంటే ఒడ్డు నుంచి వేసిన రెండు బల్లల మీద నడపాలి. ఎడమ చక్రాల కింద బల్ల ఆయనకి కనపడేది. కుడి బల్ల నాది. కింద గోదావరి నీళ్లు. నేను తలుపు తీసుకుని సగం బయటికి వంగి "కొంచెం ఇటు, ఇంకొంచెం, ఆఁ, పోనివ్వండి" అంటుంటే పంటువాళ్లు తెడ్లు పట్టుకుని నిలబడి చూసేవారు. మొదటిసారి కారు పంటు మీద నిలబడ్డాక ఆయన స్టీరింగు వదలకుండానే పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. అంతకుముందు ఆయన నవ్వు అంత దగ్గరగా విన్నట్టు నాకు గుర్తు లేదు.

పెళ్లివారు దిగి భోజనాలకి కూర్చుంటే మాకు మూడు నాలుగు గంటలు ఖాళీ. ఆయన కారు తుడుచుకుని వెనక సీట్లో కునుకు తీసేవారు. నేను ఆ ఊళ్లో లైబ్రరీ ఎక్కడుందో కనుక్కుని వెళ్లేదాన్ని. అప్పట్లో కాస్త పెద్ద ఊరైతే ఒక శాఖా గ్రంథాలయం ఉండేది. ఒకటి పంచాయతీ ఆఫీసు పక్క గదిలో, ఇంకొకటి ఎరువుల కొట్టు మేడ మీద. మా తాత ఒకరి చేలో పాలేరు. ఆయనకి సంతకం రాదు. చర్చి బడిలో మా నాన్నకి అక్షరాలు వచ్చాయి. నాకేమో రాజోలు లైబ్రరీలో బెంచీ మీద కూర్చుంటే, నువ్వెవరివని అడక్కుండా ఖగోళం దగ్గర్నుంచి కోళ్ల పెంపకం దాకా ఏది కావాలంటే అది చేతికిచ్చేవారు. మగవాళ్లు పేపరు మీంచి నా వైపు చూసేవారు. కొన్నాళ్లకి చూడడం మానేశారు.

ఆ రాజోలు లైబ్రరీలోనే ఒకరోజు ఒక ఇంగ్లీషు పత్రికలో కార్ల బొమ్మలు చూశాను. నేలకి అంటుకుపోయినట్టున్న ఎర్ర కార్లు, తలుపులు పైకి తెరుచుకునేవి. పైన పెద్ద అక్షరాల్లో ఎగ్జాటిక్ అని ఉంది. నాకు ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కునేంతే వచ్చు. ఆ మాట తీసి చూశాను. వేరే దేశం నుంచి వచ్చినది అని మొదటి అర్థం, ముఖ్యంగా మొక్కల విషయంలో. వింత గొలిపేది అని రెండో అర్థం.

లైబ్రేరియన్ గారు పెద్దాయన, నెమ్మదస్తులు. నా సందేహాలంటే ఆయనకి సరదా.

"ఇదేంటండీ," అన్నాను. "మిరపకాయ, జామ, బొప్పాయి, మూడూ ఓడల మీద వచ్చినవేనని మీరిచ్చిన పుస్తకంలోనే చదివాను. మూడూ మా పెరట్లో ఉన్నాయి. ఈ లెక్కన అవీ ఎగ్జాటిక్కే కదండీ. వాటిని చూడ్డానికి ఎవరూ రారేం?"

"అలవాటైపోయేయి కదమ్మా."

"మరి మా కారో?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. కారు చుట్టూ జనం మూగి ఉన్నారు. లోపల బెంచీలు ఖాళీ.

"మీరొచ్చిన రోజు నా పాఠకులంతా అక్కడే ఉంటారమ్మా. కానీ అదీ ఇంకో పదేళ్లకి జామచెట్టే."

నాకు ఆ మాట నచ్చలేదు. ఇంటికి వెళ్లేదాకా దానితోనే వాదించుకున్నాను. వింత అనిపించుకోడానికి దూరం నుంచి వస్తే చాలదు, నిజమే. ఖరీదా? మాది చవగ్గా వచ్చింది. వేగమా? కాలవ గట్టు మీద మమ్మల్ని సైకిళ్లే దాటేవి. ఇలాంటిది ఇంకొకటి లేకపోవడమా? అదొక్కటీ మాకు సరిపోతుంది అనుకున్నాను. అదైనా ఎంతవరకు సరిపోతుందో కాట్రేనికోనలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు తెలిసింది. పెళ్లికూతురి తండ్రి, మంచి రైతు, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి మా ఆయన ముందు నిలబడ్డారు.

"ఫారిన్ కారనే కదండీ మాటాడుకున్నాం?"

"ఆయ్, ఫారినేనండి."

"హారను లారీది కదండీ? మా ఎడ్లు బెదిరిపోయేయి."

"హారను మార్చేవండి."

"ఆ లైట్లో?"

"అవి ట్రాక్టరువండి."

"పోనీ, లోపల ఇంజను?"

"ఇంజను దాందేనండి. సామాన్లు మటుకు కొన్ని అంబాసిడర్‌వి ఏసేవండి. దాని సామాన్లు ఈ దేశంలో దొరకవు కదండీ."

"సీట్లేమో అమలాపురంలో కుట్టించినట్టున్నారు. మరింక ఫారిను ఎక్కడుందండీ ఇందులో?"

నేను దిగి, "స్టీరింగు ఏ పక్కనుందో చూసేరా బాబాయిగారూ?" అన్నాను.

ఆయన వంగి చూశారు. లేచి మళ్లీ వంగి చూశారు. ఆ తరువాత పందిట్లోకి తిరిగి కేకేశారు. "ఒరేయ్, నిజవేరా! ఎడం పక్కే ఉంది! రండి, చూద్దురుగాని!" పందిరంతా వచ్చి చూసింది. మాకు విస్తరి వేసి బూరెలు కొసరి కొసరి వడ్డించారు. నేను గెలిచానని సంతోషించాను గానీ, తిరిగి వచ్చేటప్పుడు ఆలోచిస్తే తెలిసింది. ఆ కారుని వింత కారుగా నిలబెడుతున్నది ఒక్క స్టీరింగే. నన్ను ఆ సీట్లో నిలబెడుతున్నదీ అదే.

ఎనభైల మొదట్లో కొత్తగా వచ్చిన బ్రేక్ ఇన్‌స్పెక్టరు కారుని ఆపి చూశాడు. సొంతానికి వాడుకుంటే మీ ఇష్టం, కిరాయికి తిప్పాలంటే స్టీరింగు కుడివైపుకి మార్పించుకోండి అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. అలాంటి పనులు చేసే మేస్త్రీ రాజమండ్రిలో ఉన్నాడని తెలిసింది.

"ఒకందుకు మంచిదేలే," అన్నారు మా ఆయన అన్నం తింటూ. "ఇంక రెండో మనిషి అక్కర్లేదు. ఎండలో తిరిగే బాధ నీకూ తప్పుద్ది."

"అవునండి," అన్నాను. ఇంకేమంటాను? నాకు ఎండ బాధ ఎప్పుడూ అనిపించలేదని చెప్పాలంటే అత్తగారు వింటున్నారు. ఇంట్లో పనులుండగా, నేను రోడ్ల మీద తిరగాలని ఏ కారణం చూపించి అడగను? రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం లైబ్రరీల పుస్తకాలు ఒక్కొక్కటి నా దగ్గర ఉన్నాయి. వాటిని ఒక సంచిలో సర్ది, ఆయన వెళ్లినప్పుడు ఇచ్చేస్తారులే అని గుమ్మం పక్కన మేకుకి తగిలించాను. మళ్లీ కొత్తవి తెచ్చుకునే దారి ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏడుపు వచ్చేలా ఉంది.

కారు రాజమండ్రిలో ఉన్న రోజుల్లో ఇల్లు చాలా చిన్నదిగా కనపడింది. ఒక మధ్యాహ్నం అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు.

"కూరలో ఉప్పు రెండుసార్లు ఏసేవేంటమ్మా?"

"చూసుకోలేదండి."

ఆవిడ మజ్జిగ పోసుకుని కలుపుకున్నారు. ఆ తరువాత, ఎవరితోనో అన్నట్టు, "అయితే ఇంక ఏ పెళ్లిలో ఏం పెట్టేరో, పెళ్లికూతురు నల్లగా ఉందో ఎర్రగా ఉందో, నాకెవరూ చెప్పరన్నమాట," అన్నారు. "వాణ్ణడిగితే 'బానే ఉందే' అంటాడు. అన్నీ బానే ఉంటాయి వాడికి."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఎన్ని మాటలన్నా, నేను తిరిగొచ్చిన ప్రతి సాయంత్రం నాకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, ఎదురుగా చతికిలబడి కూర్చునేది ఆవిడే.

కారు ఒక ఉదయం తిరిగి వచ్చింది. రంగు అదే, రెక్కలు అవే. కానీ మా ఆయన కుడివైపు కూర్చుని ఉన్నారు. అందరి కార్లలాగే ఉంది. పక్కింటివాళ్లు గుమ్మంలోకి వచ్చి చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. నేను పుస్తకాల సంచి తీసుకెళ్లి కిటికీలోంచి ఆయనకి అందించాను.

"కొత్తపేట పెళ్లి అన్నారుగా. సంచిలో పైనున్న పుస్తకం అక్కడి లైబ్రరీలో ఇచ్చెయ్యండి. మిగతావి ఆయా ఊళ్లు వెళ్లినప్పుడు."

ఆయన సంచి అందుకుంటుంటే అరుగు మీంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఒరే, ఇదివరకు కాలవ పక్కన నువ్వు కూకునేవోడివి. ఇప్పుడు ఇటేపొచ్చేవు. మరి అటేపు గట్టు ఎవరు చూస్తార్రా?"

"ఎవరు చూడ్డమేంటే? అంబాసిడర్లోళ్లకి ఎవరు చూస్తన్నారు?"

"ఆళ్ల సంగతి నాకెందుకు? మీ నాన్న బండి కాలవలో ఎందుకు పడింది? అటేపు మనిషి లేకే కదా? ఎడ్లని ఈడ్చేసరికి ఊరంతా దిగాల్సొచ్చింది."

"నాన్న తాగున్నాడే అమ్మా ఆ రోజు!"

"తాగితే తాగేడు. మనిషుంటే పడేవాడా?"

మా ఆయన నవ్వబోయి తల్లి మొహం చూశారు. తరువాత నన్ను చూశారు. చేతిలో ఉన్న సంచిని చూశారు. సీటు మీదుగా ఒరిగి ఎడమవైపు తలుపు తీశారు.

"అదీ నిజమే. గట్టు చూడాలి కదా," అన్నారు. "చీర మార్చుకుని రా. ఆలస్యమైపోతంది."

అంబాసిడర్ల డ్రైవర్లందరూ ఏళ్ల తరబడి ఆ గట్ల మీద ఒంటరిగా నడుపుతున్నారని మా ముగ్గురికీ తెలుసు. నేను చీర మార్చుకుని వచ్చి ఎడమవైపు కూర్చున్నాను. కాలవ నీళ్లు నా మోచేతి కిందే పారుతున్నాయి. ఇన్నేళ్లలో ఆ పక్కనుంచి కాలవని నేను చూడలేదు. ఒకచోట ఎదురుగా బస్సు వచ్చింది. ఆయన కారుని అంచుకి జరిపి ఆగారు.

"ఇంకా చోటుందండి," అన్నాను.

"ఆయ్," అన్నారు.

కొత్తపేటలో పందిరి ముందు దిగేసరికి పెళ్లికొడుకు మేనమామ ఎదురొచ్చారు. ముందుగా వంగి లోపల స్టీరింగు చూశారు. మొహం మాడ్చారు.

"ఇదేంటండీ, కుడి పక్కే ఉంది? మేం ఫారిన్ కారు కదా మాటాడుకున్నది!"

మా ఆయన ఏదో చెప్పబోతున్నారు. ఇంతలో నేను అటు తలుపు తీసుకుని పుస్తకాల సంచితో దిగాను. మేనమామగారు నన్ను చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, వెనక్కి తిరిగి పందిట్లోవాళ్లకి చెప్పారు.

"అదే కారులెండి! పుస్తకాలావిడ దిగేరు. లైబ్రరీ ఇటేనమ్మా, కోమటి కొట్టు దాటేక ఎడమ పక్క. భోజనాల టయానికి వచ్చెయ్యండి."