ఏ పనీ చేయని తీగ

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, తాండూరులో ఒకే ఒక్క కేక వేసి పన్నెండు మంది ప్రాణాలు నిలబెట్టాను. మనవళ్లకు చెప్పేటప్పుడు పదిహేను మంది అంటాను. కాగితం మీద పెట్టేటప్పుడు కొంచెం భయం ఉంటుంది కనుక పన్నెండు దగ్గర ఆగాను. నిజానికి ఆ రోజు షెడ్డులో పని చేస్తున్నది నలుగురే. ప్రాణం మీదికి వచ్చింది ఒక్కరికే.

వేసవి సెలవులు వస్తే నేనూ మా అక్కా వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులోని మేనమామ ఇంటికి పోయేవాళ్లం. మా మామ నాపరాళ్ల పాలిష్ షెడ్డులో కరెంటు మేస్త్రీ. ఆ షెడ్డు ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. బండల మీద తిరిగే మిషన్ల కింద నీళ్లు ఎప్పుడూ పారుతూ ఉండేవి. రాతిపిండి కలిసి పలచటి మజ్జిగలా మారి, అక్కవీ నావీ కాళ్ల మధ్య నుంచి మెల్లగా సాగిపోయేవి. మనుషుల కనురెప్పల మీద కూడా ఆ పిండే. రేకుల సందుల్లోంచి ఎండ దిగితే అందరూ మబ్బులో నడుస్తున్నట్టు కనిపించేవారు.

ఆ మబ్బులోంచి బండలు కడిగే పెద్దమ్మ వచ్చేది. కర్ణాటక వైపు మనిషి. "బారో మగా" అని, రా కొడుకా అన్నట్టు కన్నడంలో పిలిచి, కొంగున కట్టుకొచ్చిన జొన్నరొట్టె ముక్క, ఇంత బెల్లం నా చేతిలో పెట్టేది. చెప్పులు లేని ఆమె కాళ్లు రోజంతా నీళ్లలోనే. అలసట వస్తే మూలనున్న జనరేటరు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడేది.

కరెంటు పోతే ఆ జనరేటరే దిక్కు. గోడకు ఒక పెద్ద పిడి ఉండేది. పైకి ఎత్తితే లైను కరెంటు, కిందికి దించితే జనరేటరు. కట్టె దిమ్మెల మీద కూర్చున్న ఆ ఇంజను ఇనుప ఒంటి నుంచి ఒక లావు తీగ బయటికి పోయి, ఉప్పూ బొగ్గూ నింపిన గుంతలో పాతిన గొట్టానికి చేరేది. కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్ తీగ కూడా ఆ గుంతకే పోయేది గానీ, దాన్ని నేలలో కప్పేశారు. పొద్దున్నే గుంతలో బకెట్ నీళ్లు పోయడం నా పని.

"భూమికి దూప అయితది అల్లుడా," అనేవాడు మామ.

"ఈ తీగల కరెంటు వస్తదా మామా?" అని ఒకసారి అడిగాను.

"రావద్దనే కోరుకోవాలె," అన్నాడు.

రాని కరెంటుకు తీగ ఎందుకు? నాకేమో పాత చెప్పుల నుంచి చక్రాలు కోసి చేసుకున్న బండి ఉంది, తోలడానికి పిడి లేదు. ఒక పొద్దున గుంతలో నీళ్లు పోసి, మామ సంచిలోని పానాతో రెండు వైపులా మరలు విప్పి, పైనున్న ఆ తీగ తీసి బండికి పిడిగా వంచుకున్నాను. పన్నెండు మందిని కాపాడిన వీరుడు చేసిన పని ఇది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లు ఆగిపోయి, నీళ్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. పెద్దమ్మ అలవాటుగా జనరేటరు వైపు నడిచింది. మామ ఇంజను తిప్పబోయాడు. అప్పుడు నేను "ఆగు మామా, తీగ లేదు!" అని అరిచాను.

మామ నన్ను కొట్టలేదు. అందరినీ పొడి చెక్కల మీదికి ఎక్కించి ఇంజను నడిపాడు. వైర్లు వేలాడే ఒక బల్బు తెచ్చి, ఒక కొసను జనరేటరు కరెంటుకు కలిపి, రెండో కొసను గుంతలోని గొట్టానికి తాకించాడు. బల్బు వెలిగింది. మట్టిలోంచి వెలుతురు ఊరుతున్నట్టు అనిపించింది. అదే కొసను ఇంజను ఒంటికి తాకించాడు. వెలగలేదు.

"సూసినవా అల్లుడా? మట్టికి తొవ్వ ఉన్నది, ఇంజనుకు లేదు. లోపల వైరు తోలు ఊడి ఇనుముకు తాకిందనుకో, కరెంటు గాడనే కూసొని తొవ్వ కోసం సూస్తది. తడికాళ్లతోని ఎవరు ముట్టుకుంటే గాళ్లే తొవ్వ."

"తీగ ఉంటే?"

"మట్టిలకు ఉరుకుతది. ఫ్యూజు కొట్టేస్తది. మనిషి మంచిగ నిలబడి రొట్టె తింటది."

నేను పెద్దమ్మ కాళ్ల వైపు చూశాను. రాతిపిండి ఎండి, అవి బండల్లాగే తెల్లగా ఉన్నాయి. మామ ఇంజను ఆపి, నా బండి తీగను బిగించి, మళ్లీ నడిపాడు. ఈసారి ఇంజను ఒంటి దగ్గర కూడా బల్బు వెలిగింది. మరునాడు మూత విప్పి చూస్తే లోపల ఒక వైరు తోలు ఒరిసిపోయి, ఇనుముకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. వెంట్రుకవాసి అంటున్నాను గానీ, వేలెడు ఉండొచ్చు.

ఇప్పుడు వికారాబాద్‌లో మా ఇంటి వెనక జనరేటరు ఉంది. పిడి దించే పని కూడా లేదు, కరెంటు పోతే అదే మార్చుకుంటుంది. అయినా రోజూ పొద్దున గుంతలో బకెట్ నీళ్లు పోస్తాను. ఇంజను నుంచి గుంత దాకా తీగ పొడవునా అరచేత్తో తడుముతాను. మనవళ్లు నవ్వుతారు. నా చేతికి మాత్రం తీగ తగిలిన ప్రతిసారీ, ఆ మబ్బులో పెద్దమ్మ ఇంకా నిలబడి రొట్టె తింటున్నట్టే ఉంటుంది.

ఇదంతా మా అక్కకు చదివి వినిపించాను. అక్క కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు అరిచినవా? నోరు గూడ తెర్వలే. బండి పట్టుకొని బండల చాటుకు దాక్కున్నవ్. మామ ఇంజను తిప్పే ముందట రోజూ తీగ తడిమి సూసుకునేటోడు. గా రోజు గూడ తడిమిండు. గందుకే ఆమె బతికింది. గట్ల రాసుకో."