మిషను తప్పా, మనిషి తప్పా

కుట్టుమిషన్లు బాగుచేసే ఆమెను మా వీధిలో అందరూ మిషనక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. మెట్ల కింద సందులాంటి గది ఆమె షాపు. ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట నుంచే మాట్లాడాలి. గోడకి బెల్టులు వేలాడుతుంటాయి. కింద కిరోసిన్ గిన్నెలో ఎప్పుడూ ఏదో ఒక భాగం నానుతూ ఉంటుంది.

ఆ షాపులో ఒక మాటకి చోటు లేదు. మిషను పోయిందని అనకూడదు.

"అక్కా, ఇది పోయింది. పాత ఇనప సామాను వాడికి వేసేద్దామనుకుంటున్నా," అన్నాడు ఒకసారి పరుపుల దుకాణం ఆయన, భుజం మీంచి మిషను దించుతూ.

"విప్పి చూశావా?"

"విప్పడం నాకేం తెలుసక్కా!"

"మరి పోయిందని నీకెవరు చెప్పారు? అదే చెప్పిందా?"

"ఇనుము మాట్లాడుతుందా ఎక్కడైనా?"

"అందుకే విప్పాలి. ఆ మూల పెట్టి వెళ్ళు."

ఆయన పెట్టి వెళ్ళాడు. తర్వాత అది బాగుపడిందా అని నేనడిగితే, లేదంది. "బాగుపడనివీ ఉంటాయి. అది విప్పాక చెప్పే మాట."

ఆమె ఈ పనిలోకి వచ్చింది తల్లి మిషను వల్ల. తల్లి ఊరందరికీ బట్టలు కుట్టేది. ఒకసారి మిషను మొరాయించింది, మెకానిక్కు రేపంటూ మాపంటూ తిప్పాడు. బడికి వెళ్ళే వయసులో ఉన్న మిషనక్క దాన్ని మొత్తం విప్పేసింది. మళ్ళీ బిగించాక కొన్ని స్క్రూలు మిగిలాయి. తల్లి కూతురి వీపు విమానం మోత మోగించి, తర్వాత చక్రం తిప్పి చూసింది. నడిచింది. ఆ స్క్రూలు ఇప్పటికీ షాపులో ఒక డబ్బాలో ఉన్నాయి. ఎక్కడివో ఈ రోజుకీ తెలియదట.

తల్లికి వయసైపోయింది, కుట్టడం మానేసింది. అయినా పనిలో సగం ఆమెదే. మిషను బాగుచేశాక మిషనక్క, దాన్ని వాడే మనిషి చేతే ఒక గుడ్డముక్క మీద నాలుగు వరసలు కుట్టిస్తుంది. ఆ ముక్కలన్నీ సంచిలో వేసుకొచ్చి, సాయంత్రం తల్లి ఒళ్ళో పోస్తుంది.

"చూడమ్మా. మిషను తప్పా, మనిషి తప్పా?"

తల్లి కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి ముక్కని వెనక్కి తిప్పుతుంది. "మిషనే. కింద దారం వదులు." ఇంకోటి తీస్తుంది. "ఇది మనిషి. మొగుడి మీద కోపమంతా మిషను మీద తీర్చుకుంటోంది. బెల్టు తెగుతుంది చూడు."

బెల్టు తెగేది. తల్లి ఒకసారి చెప్పాక మాట మార్చడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

ఇంత తెలిసిన మనిషి తన సొంత మిషనుని మాత్రం ముట్టుకునేది కాదు. అది కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని ఉండేది.

మిషనక్కకి ఒక తమ్ముడు. ఇంట్లో చిన్నోడు అనేవాళ్ళు. బట్టల గోదాములో పనిచేసేవాడు. దొంగతనానికి వచ్చినవాడికి అడ్డుపడితే, వాడు ఇనప రాడ్డుతో కొట్టి చంపేశాడు. దొరికాడు, ఒప్పుకున్నాడు. కోర్టు ఉరిశిక్ష వేసింది. తీర్పు విన్నరోజు తల్లి ఇంటికొచ్చి మిషను మీద దుప్పటి కప్పింది. "వాడు పోయిన రోజు తీస్తాను," అంది.

వాడు పోలేదు. పై కోర్టులంటూ ఏళ్ళు గడిచాయి. దుప్పటి మాసింది. తీయడానికి లేదు కాబట్టి తల్లి దాని మీదే ఇంకో దుప్పటి కప్పింది. నేను వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టే నాటికి మిషను మూడు దుప్పట్లు కప్పుకుని జ్వరం వచ్చిన మనిషిలా ఉంది.

వాడున్న జైల్లోనే కుట్టు విభాగం ఉంది. ఖైదీలు ఆస్పత్రులకి దిండు గలీబులు కుడతారు. అక్కడి మిషన్ల బాగోగులు మొదటి నుంచీ మిషనక్కవే. తమ్ముడు పోయాక ఇక రాదనుకున్నారు. వెళ్ళింది. "మిషన్లేం చేశాయి?" అంది.

చివరికి వాడి క్షమాభిక్ష అర్జీ ఒక కమిటీ ముందుకొచ్చింది. చనిపోయినవాడి ఇంటివాళ్ళ మాట కూడా వింటామన్నారు. తల్లికి మెట్లు దిగే ఓపిక లేదు. కూతురు వెళ్ళాలి.

"వెళ్ళి ఏం చెబుతావే?"

"చంపొద్దంటాను."

తల్లి చేతిలో ముక్క పక్కన పెట్టింది. "మతి పోయిందా నీకు? తమ్ముణ్ణి చంపినవాణ్ణి క్షమించేశావా?"

"క్షమించానని నేనన్నానా? చంపొద్దంటున్నాను. వాడి మొహం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు."

"మరింకేం!"

"పొద్దున షాపు తెరిచేముందు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను కదమ్మా. ఏమడుగుతానో తెలుసా? నన్ను ఇంతే అని తేల్చెయ్యకు సామీ, ఇంకాస్త టైమివ్వు అని. రోజూ అదే అడుగుతాను, రోజూ ఇస్తున్నాడు. పొద్దున ఆ మాట అడిగొచ్చి, మధ్యాహ్నం వాడికి మాత్రం ఇవ్వొద్దని ఎలా చెప్పను? నోరు రావడం లేదు."

"నా కొడుక్కి దొరకని టైము వాడికెందుకే?"

 ఆ ప్రశ్న ఇప్పటికీ తన వెంటే ఉందని నాతో చెప్పింది. దాన్ని మోసుకునే బస్సెక్కింది.

కమిటీ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన మర్యాదస్తుడు, ముందు మంచినీళ్ళు ఇప్పించాడు.

"మీ తమ్ముడికి న్యాయం జరగాలని లేదా అమ్మా?"

"ఉందండి. వాణ్ణి బయటికి వదలమనట్లేదు. లోపలే ఉంచండి, పని చేయించండి. ఏం చేశాడో వాడికి తెలిసొచ్చేదాకా బతకనివ్వండి. చచ్చినవాడు సిగ్గుపడలేడు కదండీ."

"మారతాడని మీకు నమ్మకమా?"

"తెలీదండి. మనిషిని పూర్తిగా విప్పి చూసినవాడు ఆ పైవాడొక్కడే. ఆయనే ఇంకా పోయిందని పక్కన పడెయ్యలేదు, ఊపిరి ఆడనిస్తున్నాడు. మధ్యలో మనం తొందరపడటం ఎందుకని."

పెద్దాయన రాసుకున్నాడు. కాస్త నెమ్మదిగా చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పింది. ఇంకేమైనా ఉందా అన్నాడు. బస్సుకి టైమవుతోందంది.

ఆ రోజు నుంచి తల్లి కూతురితో మాట్లాడటం మానేసింది. గుడ్డముక్కలు మాత్రం ఆపలేదు. ఆ ఇంట్లో రోజంతా వినిపించే మాటలు రెండే: "మిషను." "మనిషి." కూర బాగుందో లేదో కూడా తెలిసేది కాదని మిషనక్క వాపోయింది.

ఉరిశిక్ష యావజ్జీవం అయింది. ఆమె మాట వల్లో, మరి దేనివల్లో ఎవరూ చెప్పలేదు. తల్లి ఆ వార్త విని లేచి వెళ్ళి నాలుగో దుప్పటి కప్పింది.

తర్వాత కొన్నాళ్ళకి వాణ్ణి కుట్టు విభాగంలో వేశారు. మిషనక్క వెళ్ళేసరికి, కిటికీ పక్క మిషను మాటిమాటికీ సూదులు విరగ్గొడుతోందని అక్కడి మాస్టారు ఫిర్యాదు చేశాడు. ఆ మిషను ముందు కూర్చున్నవాడు ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. కోర్టులో చూసినప్పటికంటే చిక్కిపోయాడు, జుట్టు నెరిసింది. ఏదో అనబోయాడు.

"కూర్చో," అంది. "నాలుగు వరసలు కుట్టు. మూల కూడా తిప్పు."

వాడు కుట్టాడు. ఆమె ముక్క కత్తిరించి సంచిలో వేసుకుంది. బస్సులో మాత్రం ఇల్లు చేరేదాకా ఆ సంచిని ఒళ్ళో పెట్టుకోలేదట, కాళ్ళ దగ్గరే ఉంచిందట.

సాయంత్రం సంచి తల్లి ఒళ్ళో కుమ్మరించింది. ఆ ముక్క కావాలని పెట్టలేదు, మిగతావాటిలో కలిసిపోయింది అంటుంది. నేను నమ్మలేదు. నమ్మించాలని ఆమె కూడా పెద్దగా కష్టపడలేదు.

తల్లి ఒక్కొక్కటీ తేలుస్తూ వచ్చింది. మిషను. మిషను. మనిషి. ఆ ముక్క దగ్గర ఆగింది. అలవాటు కొద్దీ మాట బయటికొచ్చేసింది.

"మనిషే. భయంభయంగా కుడుతున్నాడు. గుడ్డ దానంతట అది నడవాలి, వీడు వెనకనుంచి తోస్తున్నాడు, అందుకే సూది విరుగుతోంది. చేతిలో పని లేకపోలేదు. నేర్పితే వస్తుంది." ముక్క ఎత్తి చూపించింది. "ఎవరిదిది?"

కూతురు చెప్పింది.

తల్లి ముక్కని కిటికీ గట్టు మీద పెట్టి, మంచినీళ్ళ చెంబు అందుకుని చేతులు కడుక్కుంది. ఆ పూట అన్నం తినలేదు. రెండో రోజూ సరిగ్గా తినలేదు. ముక్క గట్టు మీదే ఉంది. పారెయ్యమనలేదు. మాట వెనక్కీ తీసుకోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మిషనక్క భోజనానికి ఇంటికొచ్చి ఉంది. తల్లి ఆ ముక్కని వెలుతురుకి పట్టుకుని కూర్చుని ఉంది.

"ఈ మూల చూడవే. సూది గుడ్డలో దించి తిప్పాలని వాడికి ఎవరూ చెప్పలేదా? ఆ మాస్టారు ఏం గాడిదలు కాస్తున్నాడు?"

"చెప్పాడటమ్మా. వీడికి ఎక్కలేదట."

"చెబితే ఎక్కదు. మూల కుట్టిన ముక్క ఒకటి చేతిలో పెట్టాలి." విసుగ్గా లేచింది. నాలుగు దుప్పట్లూ ఒక్క గుంజుతో లాగేసి, స్టూలు జరుపుకుని కూర్చుంది. చక్రం మీద చెయ్యి వేశాక గానీ తను చేసింది ఆమెకి తెలియలేదు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

కాసేపటికి చక్రం తిప్పబోయింది. అది తిరగలేదు. ఏళ్ళనాటి నూనె బంకలా గట్టిపడిపోయింది.

"పోయిందే ఇది," అంది.

మిషనక్క కింద కూర్చుని స్క్రూడ్రైవరు తీసింది. పక్కపలక విప్పి, కిరోసిన్ సీసా వంచి లోపలికి కొద్దికొద్దిగా పోసింది. తల్లి పైనుంచి తొంగి చూస్తోంది.

"రేపటికి తిరుగుతుందా?"

"చూడాలి."

"తిరక్కపోతే?"

"మళ్ళీ పోస్తా."

తల్లి కింద పడున్న దుప్పట్లు ఒక్కొక్కటే తీసి దులిపింది. గదంతా దుమ్ము లేచింది, ముగ్గురం తుమ్మాం.

"ఛీ, ఎంత మాసిపోయాయో," అంది కూతురితో. "రేపు ఉతకాలి. సబ్బు తెచ్చి పెట్టు."