ఎర్సీలియా పిన్ని కుట్టిన జోళ్లు

మా ఎర్సీలియా పిన్ని ముప్ఫై ఒక్క ఏళ్లపాటు ఊరందరినీ మోసం చేసింది. చేసినట్టు తనైతే అనుకుంది. ఆవిడ పోయేముందు, "రాసుకోవే దోరినా, కాకపోతే నీ బండ పాదాల సంగతి కూడా రాయి" అంది. అందుకని రెండూ రాస్తున్నాను.

పిన్ని చెప్పులు కుట్టేది. మా ఊరు పియెత్రాల్తాలో గొర్రెల కాపరుల బూట్ల దగ్గర్నుంచి పెళ్లికూతుళ్ల జోళ్ల దాకా ఆవిడ చేతి మీదుగా పోయేవే. ఏడాదికొకసారి మాత్రం చచ్చిపోయి ఏడువందల ఏళ్లయిన మనిషికి జోళ్లు కుట్టేది.

ఆ మనిషే మా ఊరి పునీత అల్తాబెల్లా. బతికున్నన్నాళ్లూ వట్టికాళ్లతోనే తిరిగింది. ఎవరింట్లో నొప్పులు మొదలైనా పిలవకుండానే వెళ్లి పురుడు పోసేది. ఒక జనవరిలో మంచులో నిలబడి, మా వంశంలో చెప్పులు కుట్టే పెద్దమనిషిని పాత తోలుముక్క అడిగిందట. "నీ కాళ్లకి తోలెందుకు, దండగ!" అని ఆయన తలుపేశాడు. నెల తిరక్కుండా ఆయన భార్యకు కష్టమైన కాన్పు వస్తే వచ్చి బతికించింది మళ్లీ ఆవిడే. వెళ్లిపోయాక గడప మీద నెత్తుటి అడుగులు మిగిలాయట. ఇరవై తొమ్మిదో ఏట ఆవిడ పోయింది. ఒళ్లు మాత్రం చెడలేదు. చర్చిలో గాజుపెట్టెలో ఉంది, ఎండిన అత్తిపండు రంగులో. ఆ పాదాలకు ఏటా కొత్త జోళ్లు మా వంశం ఆడవాళ్లే కుట్టాలి, వాళ్లే తొడగాలి. ఒక్క తాత నోటిదురుసుకి ఇన్ని తరాలుగా మేం సిగ్గుపడుతూనే ఉన్నాం.

ఆగస్టులో ఆవిడ పండుగ ముందురోజు మధ్యాహ్నం చర్చి తలుపులు మూసి పాత జోళ్లు విప్పుతారు. ఆ పాదాల్ని కుట్టిన మనిషి తప్ప ఎవరూ చూడకూడదు. అందుకని ఇద్దరు ఆడవాళ్లం పెట్టెకు వీపు తిప్పి దుప్పటి అడ్డం పట్టుకుంటాం. విప్పిన జోళ్లను ఎవారిస్టో ఫాదర్ గారు మెట్ల మీద నిలబడి, అడుగుభాగం కనిపించేలా ఎత్తి చూపిస్తారు. తోలు అరిగి ఉంటుంది. "నడిచింది!" అని జనం అరుస్తారు, గంటలు మోగుతాయి. ఆ అడుగుతోలును ముక్కలు చేసి, నెలలు నిండిన వాళ్ల దిండు కింద పెడతారు.

ముప్ఫై రెండో ఏడు మార్చిలో పిన్ని నేలమాళిగ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆగస్టు దాకా మంచమే. పండుగ మూడు రోజులుందనగా నన్ను పిలిచి, తలుపు గడియ వేయించి, పరుపు కింద నుంచి ఒక జత తీసింది. తెల్లగా, మెత్తగా, అచ్చం అల్తాబెల్లా జోళ్లే.

"ఇవి తొడుక్కుని మూడు రోజులు ఇంట్లో తిరుగు" అంది.

"నేనా? పాపం కాదూ?"

"పాపం నాది. నడక నీది. తొడుక్కో."

అప్పుడు చెప్పింది. ఏటా ఒకటి కాదు, రెండు జతలు కుట్టేదట. ఒకటి అల్తాబెల్లాకి. రెండోది తనే ఏప్రిల్ నుంచి పండుగ దాకా తలుపులు వేసుకుని ఇంట్లో తొడుక్కు తిరిగేది; ఈ ఏడు మంచాన పడి తిరగలేకపోయింది. దుప్పటి చాటున అల్తాబెల్లా జతను విప్పి గౌను కింద సంచిలో పడేసి, తను అరగదీసిన జతను ఫాదర్ గారికి అందించేది. అసలు జతను ఇంటికి తెచ్చి చూడకుండా పొయ్యిలో వేసేది. వాళ్లమ్మ నేర్పిన పద్ధతి అది. "ఊరికి నడిచే పునీత కావాలే, మనమే నడవాలి. తీసిన జోళ్లను మాత్రం తిప్పి చూడకు" అందట వాళ్లమ్మ.

నాకు నవ్వాగలేదు. పిన్ని నవ్వలేదు.

"నివెస్ దిండు కింద రెండుసార్లు పెట్టిన ముక్కలు నా చెప్పువే దోరినా. నా కన్నకూతురికి నా కాలికింది తోలు పెట్టాను. ఇద్దరు పిల్లల్నీ పూడ్చిపెట్టాం."

నివెస్ మూడోసారి కాన్పుకొచ్చి వెనక గదిలో పడుకుని ఉంది. మంత్రసాని ఇంకో రెండు వారాలంది. పిల్ల బట్టలకు నీలిదారంతో అంచులు కుడుతూ, పండుగ ఎప్పుడొస్తుందా, ముక్క ఎప్పుడు చేతికొస్తుందా అని ఒకటే ఎదురుచూపు.

"ఈసారైనా అసలు ముక్క పెడదామంటే, దాని అడుగు అరక్కుండా కొత్తగా ఉంటే ఏం చెయ్యను? ఊరి సంగతి వదిలెయ్. నివెస్ మొహం ఎలా చూడను? అందుకే, కనీసం ఈ జతైనా సిద్ధంగా ఉండాలి."

కళ్లు తుడుచుకుని జోళ్లలో పాదం దూర్చాను. పర్రుమంది. మడమ దగ్గర కుట్టు బొటనవేలి దాకా చీలిపోయింది.

పిన్ని నా పాదాల్ని కిందామీదా చూసింది. "మీ నాన్న పోలిక. పొయ్యిలో రొట్టె తోసే పారల్లా ఉన్నాయి" అంది.

అదే సమయంలో వెనక గది నుంచి నివెస్ కేకేసింది. "అక్కా, నడవాలో ఎవరే తిరుగుతున్నారు? రోజూ ఈ వేళకే. అమ్మేమో అనుకుంటాను."

పిన్ని మంచం మీద, నా ఎదురుగానే ఉంది. నేను ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. నడవాలోకి తొంగిచూస్తే ఎండ తప్ప ఏమీ లేదు.

"ఎలుకలే" అన్నాను. ఎలుకలు అడుగు తీసి అడుగు వెయ్యవని ముగ్గురికీ తెలుసు.

చీలిన జత ఇక చూపించడానికి పనికిరాదు; పండుగ ముందురోజు అసలు జత మీదే ఆశ పెట్టుకుని పిన్నిని కుర్చీలో మోసుకెళ్లాం. రెండు నెలలుగా చుక్క వాన లేదు. చర్చి లోపల మాత్రం తడిమట్టి వాసన వేసింది. దుప్పటి ఒక కొస నేను, ఇంకో కొస పొరుగింటి తుల్లియా పట్టుకున్నాం. వెనక పెట్టె మూత కిర్రుమంది. రిబ్బను విప్పిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. బయట కీచురాళ్లు కూడా ఆగిపోయాయి.

"ఏమే ఎర్సీలియా, నిద్రపోయావా? నా చేతులు పడిపోతున్నాయి" అంది తుల్లియా.

పిన్ని నా పేరు పిలిచింది. ఆ గొంతు ఆవిడది కాదనిపించింది. ఊరి కట్టుబాటు తప్పి వెనక్కి తిరిగాను. తుల్లియా "అయ్యో, సిగ్గులేనిదానా!" అని కళ్లు గట్టిగా మూసుకుంది.

పిన్ని చేతిలో అల్తాబెల్లా జోళ్లు ఉన్నాయి. అడుగున తోలన్నదే సరిగా లేదు. మడమ దగ్గర, వేళ్ల దగ్గర అరిగి అరిగి చిల్లులు పడ్డాయి. అంచుల్లో ఎర్రమట్టి పట్టి ఉంది, తడిగా. ఆ మట్టిలో జానెడు నీలిదారం ఇరుక్కుని ఉంది.

నేను పాదాల వైపు చూడకూడదు. చూశాను. చిల్లులున్న చోటే ఆ ఎండిన పాదాలకు కూడా మట్టి అంటింది.

"ముప్ఫై ఒక్క జతలు" అంది పిన్ని గుసగుసగా. "నడిచినవన్నీ పొయ్యిలో వేసి, నా చెప్పులు చూపించానే. ఆ పొయ్యి మీదే రొట్టెలు కాల్చి తినిపించాను మీకు."

జోళ్లు ఫాదర్ గారికి అందించాను. బయట అరుపులు, గంటలు. "ఈసారి బాగా తిరిగిందమ్మా!" అని ఎవరో మెచ్చుకున్నారు. లోపల పిన్ని కొత్త జత ఓ పట్టాన తొడగలేకపోయింది. రిబ్బనుకు వేసిన ముడల్లా జారిపోయి మళ్లీ మొదటికొచ్చేది. నేను సాయం చెయ్యబోతే "నీ చెయ్యి కూడా నీ కాలు లాంటిదేగా, దూరం ఉండు" అని కసిరింది. అరగంట పట్టింది. ఆ అరగంటా అల్తాబెల్లా వట్టికాళ్లతోనే ఉంది.

ఫాదర్ గారు కోసిచ్చిన, తడిమట్టి ఆరని ముక్కను గుప్పిట్లో పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. వెనక కుర్చీలో పిన్ని, మోసేవాళ్లను తిడుతూ.

ఇంట్లో ఎవరూ లేరు. రెండు వారాల గడువుంది కదా అని మంత్రసాని కూడా జోళ్లు చూడ్డానికి చర్చి ముందుకే వచ్చింది. జనంలో అందరికంటే గట్టిగా "నడిచింది!" అని అరిచిన గొంతు ఆవిడదే. గదిలో నివెస్ దిండుకు ఆనుకుని కూర్చుంది. చేతుల్లో ఆడపిల్ల. బొడ్డు కోసి నీలిదారంతో ముడివేసి ఉంది. ఒళ్లు తుడిచి, గుడ్డలో చుట్టి ఉంది. పిల్ల కేరుమంటోంది.

"నువ్వే కోశావా?" అన్నాను.

నివెస్ నా వెనక వచ్చిన తల్లి వైపు చూసింది, కాస్త కోపంగా.

"ఆవిడకి ఏమైనా తొడుక్కోడానికి ఇవ్వమ్మా. మొన్నటిదాకా జోళ్లేసుకునే తిరిగేది. ఇవాళ వట్టికాళ్లతో వచ్చింది, పాపం."

నడవా నేల మీద ఎర్రటి అడుగులు కొన్ని ఉన్నాయి. చిన్నవి, నావి కావని ఎవరైనా చెప్పగలరు. పిన్ని కర్రసాయంతో వంగి, ఎవరూ చూడకముందే తన గౌను అంచుతో తుడిచింది. తుడుస్తూ గడప దగ్గర ఆగి, చిన్నపిల్లలా ఏడ్చింది.

తర్వాత ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేసి అంతా ఒప్పుకుంటే ఆయన గడ్డం గోక్కుని, "ఇది అబద్ధంలో వెయ్యాలా, నిజంలో వెయ్యాలా?" అన్నారట. చివరికి పొయ్యి కడగమన్నారు. పిన్ని పొయ్యి పగలగొట్టి కొత్తది కట్టించింది.

ఇంకో పదకొండేళ్లు బతికింది. ఏటా ఒక్క జతే కుట్టేది, రెండు పొరల తోలుతో. ఇప్పుడు నేను కుడుతున్నాను, మూడు పొరలు వేస్తున్నాను. అయినా ఆగస్టుకల్లా చిల్లులు పడుతున్నాయి. పాత జత విప్పేముందే కొత్తదాని రిబ్బన్లు సరిచేసి ఒళ్లో పెట్టుకుంటాను. విప్పడానికీ తొడగడానికీ మధ్య ఊపిరి కూడా తీసుకోను. ఆ కాస్త వ్యవధిలో ఊళ్లో ఎవరికి నొప్పులు వస్తాయో తెలియదు కదా.