ఉప్పు చూసేవాళ్ళు

మా పిల్లలు పిలవకుండా వంటింట్లోకి వచ్చారంటే ఏదో ఉన్నట్టే. పన్నెండేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ అబ్బాయి. మంచినీళ్ళు కూడా సోఫాలోంచి కేకేసి తెప్పించుకునే ఘటాలు. అలాంటిది రెండు నెలలుగా, నేను పొయ్యి వెలిగిస్తే చాలు, "అమ్మా, మేం హెల్ప్ చేస్తాం" అంటూ దిగబడుతున్నారు.

నా భయం నాది. జ్వరం వచ్చి తగ్గాక నాకు వాసన, రుచి రెండూ పోయాయి. ఎవరికీ చెప్పలేదు. చిక్కడపల్లిలోని ఈ ఇంట్లో గరిటె నా చేతికి రావడానికి ఆరేళ్ళు పట్టింది. మోకాళ్ళు మొరాయిస్తే గానీ మా అత్తగారు దాన్ని వదల్లేదు. వంటకి రుచి తెలియని కోడలని తెలిస్తే, ఆ మోకాళ్ళతోనే మళ్ళీ వచ్చి లాక్కుంటారు.

పైగా ఆవిడదో నియమం. వండేటప్పుడు ఉప్పు చూడకూడదు, ఎంగిలవుతుంది. బ్రెడ్డుకి కూడా ఈ మడేమిటని అడిగే ధైర్యం నాకెప్పుడూ లేదు. ఇన్నాళ్ళూ ఆవిరి వాసనని బట్టే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేదాన్ని. ఇప్పుడు గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అయినా భోజనాల దగ్గర ఎవరూ వంక పెట్టలేదు. నా చేతి కొలత అంత గట్టిదని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఆ శనివారం సాయంత్రం శాండ్‌విచ్‌లు చేద్దామని నారాయణగూడలో బ్రెడ్డు కొని, అమ్మాయితో మార్కెట్‌కి వెళ్ళాను. కూరగాయలామె పుదీనా కట్ట నా ముక్కు దగ్గర పెట్టింది.

"జర వాసన చూడక్కా, ఎట్లున్నదో!"

గట్టిగా పీల్చి, "బాగుంది" అన్నాను. అమ్మాయి నా మొహంలోకే చూస్తోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను పుదీనా సంచిలో కుక్కేసి గబగబా నడిచాను.

ఇంటికొచ్చాక అమ్మాయి ఉడికిన బంగాళాదుంపలు మెదిపింది. నేను బఠాణీ, క్యాప్సికం వేయించి, కారం, మసాలా కలిపాను. అబ్బాయి గ్యాస్ మీద పెట్టే టోస్టర్ పక్కన ముక్కు ఎగరేసుకుని నిలబడ్డాడు. ఉత్త బ్రెడ్డుతో మొదటిది కాలుస్తున్నాను.

"అమ్మా, తిప్పు! మాడిపోతది."

తిప్పాను. వాడు అక్క చెవిలో ఏదో ఊదాడు. తర్వాత హాల్లో పేపరు చదువుతున్న నానమ్మ దగ్గరికి పరిగెత్తి, మళ్ళీ వచ్చాడు. నాకు అర్థమైపోయింది. వీళ్ళు సాయానికి రాలేదు. అత్తగారు పంపిన గూఢచారులు.

తేల్చుకుందామనుకున్నాను. కూరలో ఉప్పు అసలు వెయ్యలేదు. బట్టలు తీసుకొస్తానని స్టవ్ ఆపి బాల్కనీలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా వెనక్కొచ్చి తలుపు చాటున నిలబడ్డాను. అమ్మాయి కూర కాస్త తీసుకుని నాలిక మీద వేసుకుంది. మొహం చిట్లించింది. ఉప్పు డబ్బా తీసి, కొంచెం వేసి కలిపింది.

"ఏం చేస్తున్నావే?"

డబ్బా చేతిలోంచి జారినంత పనైంది. తమ్ముడే బయటపెట్టాడు.

"అక్క ఉప్పు చూస్తదమ్మా. నేను వాసన చూస్త. రోజూ."

"ఎవరు చెప్పారు మీకు?"

ఇద్దరూ హాలు వైపు చూశారు. హాల్లోంచి అత్తగారి గొంతు వచ్చింది.

"నేనే చెప్పానమ్మాయ్. వాళ్ళనేం అనకు. జ్వరం తగ్గిన వారానికే, పోపు మాడిపోతుంటే పక్కనే నిలబడి చూస్తున్నావు. అప్పుడే తెలిసింది నాకు."

రెండు నెలలుగా ముగ్గురి ముందు నాటకం ఆడానన్నమాట. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే అడిగాను.

"మరి మీ ఎంగిలో?"

"పిల్లల ఎంగిలి ఎంగిలి కాదులే" అని ఆవిడ పేపరు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆవిడ ఎప్పుడైనా లేచి వచ్చి గరిటె లాక్కోవచ్చు. తన కొడుక్కి చెప్పి వంటమనిషిని పెట్టించవచ్చు. అవేవీ చెయ్యకుండా, నలభై ఏళ్ళు పట్టిన మడిని నా కోసం పక్కన పెట్టారు. నేనేమో ఆవిడని అనుమానించాను. సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

చెంచాతో కూర తీసి, ఊది, హాల్లోకి కనపడేలా నిలబడి అమ్మాయికి అందించాను.

"ఉప్పు చూడు."

"ఇంకొంచెం పడాలమ్మా."

రెండు నెలల్లో మొదటిసారి, భయం లేకుండా ఉప్పు వేశాను.